బావ పేరు మీద

శివశంకర్ అమలాపురంలో గడియారస్తంభం దగ్గర నెట్ సెంటర్ నడుపుతాడు. గిరాకీ లేని వేళల్లో పోకర్ ఆడతాడు. అది ఇంటర్నెట్‌లో డబ్బు పెట్టి ఆడే పేకాట. బల్లకు అవతల కూర్చున్నవాళ్ళు ఏ దేశంలో ఉంటారో అతనికి తెలియదు. ఆట నడిపే కంపెనీ ఆఫీసు ఎక్కడో ఒక ద్వీపంలో ఉంది.

మొదలుపెట్టే ముందు అతను ప్లీడరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారిని కలిశాడు. మన రాష్ట్రపు జూదం చట్టం 1974 నాటిదని, రమ్మీ నేర్పుతో ఆడే ఆటని సుప్రీంకోర్టు అంతకుముందే చెప్పిందని, పోకర్ గురించి ఏ కోర్టూ ఏమీ అన్నట్టు తనకు తెలియదని ఆయన చెప్పారు. "అనలేదంటే తప్పు కాదని కాదురా అబ్బాయ్" అని కూడా అన్నారు. లేచి వస్తుంటే వెనక్కి పిలిచి, ఇలాంటివాటికి ఇక్కడి బ్యాంకు నుంచి పరాయి దేశానికి డబ్బు పంపొద్దని, దానికి వేరే చట్టం ఉందని హెచ్చరించారు.

శివశంకర్ ఆ చివరి మాట పాటించాడు. అతని అక్క ఉమామహేశ్వరి మొగుడు సత్తిరాజు దుబాయ్‌లో వ్యాను నడుపుతాడు. జీతం అక్కడి బ్యాంకులో పడుతుంది. బావ సెలవు మీద వచ్చినప్పుడు శివశంకర్, విదేశీ కంపెనీకి టైపింగు పని చేస్తున్నానని, డబ్బు వేయడానికి బయటి దేశం ఖాతా కావాలన్నారని చెప్పాడు. సత్తిరాజు బ్యాంకు కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు ఇచ్చాడు. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు: "మా బావమరిదికి కంప్యూటరు పని దొరికిందండి." పోకర్ బల్ల దగ్గర కూర్చున్న ఆటగాడి పేరు అప్పటినుంచి సత్తిరాజు.

2006 అక్టోబరులో అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ఇంటర్నెట్ జూదానికి బ్యాంకుల ద్వారా డబ్బు కదలకూడదన్నది దాని సారం. ఆట కంపెనీ అమెరికా ఆటగాళ్ళను పంపించేసింది. బల్లలు ఖాళీ అయ్యాయి. ఇన్నాళ్ళూ మధ్యలో ఉండి తన పేరు మీద డబ్బు చేరవేసిన ఇంకో కంపెనీ తప్పుకుంది. మీ డబ్బు మీకు కావాలంటే మా దగ్గర్నుంచి నేరుగా మీ బ్యాంకుకు పంపుతాం అని ఆట కంపెనీ తెర మీద రాసింది. కింద ఒక బటన్ పెట్టింది. శివశంకర్ దాన్ని నొక్కాడు.

గతవారం కథ ఆ బటన్ దగ్గర ఆగింది.

*

నవంబరులో ఒక మధ్యాహ్నం ఉమామహేశ్వరి నెట్ సెంటర్‌కు ఫోన్ చేసింది.

"ఒరేయ్, దేవదానం అన్నయ్యగారు వచ్చేరు. మీ బావ పెట్టె తెచ్చేరు. నువ్వొస్తే గాని తియ్యొద్దంటున్నారు. బయల్దేరు."

"నేనెందుకే?"

"నాకేం తెలుసు? భోంచెయ్యమంటే చెయ్యట్లేదు. మంచినీళ్ళు తాగేరంతే."

దేవదానం దుబాయ్‌లో సత్తిరాజు ఉండే గదిలోనే ఉంటాడు. ఊరు మలికిపురం. శివశంకర్ అతన్ని ఒకటి రెండుసార్లు చూశాడు. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చేవాడు గదిలో మిగతావాళ్ళ సామాను కూడా మోసుకొస్తాడు. ముందు తన ఇంటికి వెళ్తాడు. పెళ్ళాం బిడ్డలతో గడిపి, ఒళ్ళు తేలికపడ్డాక, ఎవరి సామాను వాళ్ళ ఊరికి తీసుకెళ్ళి ఇచ్చి, ఆ ఇంట్లో భోంచేసి వస్తాడు. అందరూ అలాగే చేస్తారు.

రాజోలు బస్సులో కూర్చున్నాక శివశంకర్‌కు ఒక సంగతి తట్టింది. దేవదానం వచ్చాడని మలికిపురం నుంచి ఎవరూ చెప్పలేదు. రాజోలులో దిగి ఆటో ఎక్కాడు.

*

సఖినేటిపల్లిలో సత్తిరాజు ఇల్లు రేవుకు వెళ్ళే దారిలో ఉంది. హాలు మధ్యలో సూట్‌కేసు ఉంది. దానికి నైలాన్ తాడు కట్టి ఉంది. గోడ పక్కన ఇంకో రెండు పెట్టెలు ఉన్నాయి. వాటి మీద దేవదానం పేరు ఉంది. అతను నరసాపురంలో రైలు దిగి, పంటు మీద గోదావరి దాటి, ఇంటికి వెళ్ళకుండా నేరుగా ఇక్కడికే వచ్చాడు. రైల్లో వేసుకున్న బట్టలతోనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

గుమ్మంలో పక్కింటి రమణమ్మ ఉంది. సత్తిరాజు తల్లి చిట్టెమ్మ మంచం మీద కాళ్ళు కిందకి వేలాడేసి కూర్చుంది.

"అదిగో, వచ్చేడండి కంప్యూటరు దొర" అంది చిట్టెమ్మ. "కన్నతల్లిని నేనున్నాను, కట్టుకున్న పెళ్ళాం ఉంది. మేం పనికిరాలేదు. బావమరిదిగారొచ్చి తాళం తియ్యాలంట."

"అదేం లేదు అత్తయ్యగారూ."

"నీకేదో ఖరీదైంది పంపుంటాడు. మేం నొక్కేస్తామని భయం."

"నాకు మడత గొడుగు చెప్పేనండి" అంది రమణమ్మ. "బటన్ నొక్కితే తెరుచుకుంటుంది చూడండి, అది. దేవదానంగారూ, పెట్టేరా గొడుగు?"

దేవదానం శివశంకర్‌ను చూసి లేచి నిలబడ్డాడు. తనకంటే చిన్నవాణ్ణి చూసి లేవాల్సిన పని లేదు. లేచాడు.

"తియ్యి చెల్లెమ్మా" అన్నాడు.

ఉమామహేశ్వరి కత్తిపీట తెచ్చి తాడు కోసింది. మూత ఎత్తింది.

పైన ఒక పాలపొడి డబ్బా ఉంది. దాని కింద చొక్కాలు ఉన్నాయి. ఆమె ఒకటి తీసి విప్పింది. కాలరు లోపలి అంచు నలిగి ఉంది. చంక దగ్గర చెమట మరక ఉంది. రెండోది తీసింది. అది పోయిన సెలవులో అమలాపురంలో కుట్టించింది. దాని కింద లుంగీలు, గడ్డం గీసుకునే బ్రష్షు, కవరులో చుట్టిన సబ్బు ముక్క. సబ్బు సగం అరిగింది. అప్పనపల్లి బాలబాలాజీ పటం. పటం వెనక మేకుకు తగిలించిన దారం తెగి వేలాడుతోంది. అన్నిటికీ అడుగున స్టీలు కంచం. అంచు మీద ఆమె పేరు చెక్కి ఉంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కంచాల్లో అది ఒకటి. సత్తిరాజు మొదటిసారి దుబాయ్ వెళ్ళేటప్పుడు అడిగి తీసుకెళ్ళాడు.

పెట్టెలో ఇంకేమీ లేదు. కొత్తది ఏదీ లేదు.

రమణమ్మ లేచింది. గొడుగు మాట ఎత్తలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇలాంటి పెట్టె ఎప్పుడు వస్తుందో ఆ రేవు దారిలో ప్రతి ఇంటికీ తెలుసు. అక్కడ మనిషి పోతే, గదిలోవాళ్ళు అతని వస్తువులు ఒక పెట్టెలో సర్ది, ముందుగా వచ్చేవాడి చేతికి ఇస్తారు.

చిట్టెమ్మ మంచం దిగింది. పెట్టె దాకా రాలేదు. నడుమ ఆగింది.

"బాబూ" అంది. "మావోడున్నాడా?"

"ఉన్నాడండి."

"నా మొహం చూసి చెప్పు."

"ఉన్నాడండి పెద్దమ్మగారూ. ప్రభువు మీద ఒట్టు. బతికే ఉన్నాడు." దేవదానం చేతులు జోడించాడు. "జైల్లో ఉన్నాడు."

చిట్టెమ్మ నేల మీద కూర్చుంది. కొడుకు బతికి ఉన్నందుకు ఏడవాలో, జైల్లో ఉన్నందుకు ఏడవాలో ఆమె ముఖం చూస్తే తెలియలేదు. ఉమామహేశ్వరి చొక్కా మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"బండి గుద్దేశారా ఎవరినైనా?" అని అడిగింది.

"కాదమ్మా. శుక్రవారం సెలవు కదా, వంట చేస్తున్నాం. ఇద్దరు వచ్చేరు. సత్తిరాజు ఎవరన్నారు. ఆయ్ నేనేనండి అన్నాడు మావోడు. తెలుగులోనే అన్నాడు కంగారులో. బ్యాంకు పుస్తకం తెమ్మన్నారు. ఏ పని చేస్తావన్నారు. డ్రైవర్నన్నాడు. ఇంత డబ్బు పేకాట కంపెనీ నుంచి నీకెందుకొచ్చిందన్నారు."

"పేకాటా?" అంది చిట్టెమ్మ. "ఎవరు, మావోడా? దీపావళికి వీధంతా ఆడుతుంటే దీపాల్లో నూనె పోసుకుంటా కూర్చునేవాడు కదయ్యా!"

"అదే నేనూ చెప్పేనండి. గదిలో మేం ఆడతా ఉంటే కాళ్ళు చాపుకుని పడుకునేవాడు. వాళ్ళు వినలేదు. అక్కడ జూదం నేరమండి. చిన్నా పెద్దా లేదు. ఏ ముక్క ముందు ఏ ముక్క పడుతుందో తెలీని మనిషిని పట్టుకెళ్ళిపోయేరు. కంపెనీ వాడు ఉద్యోగం తీసేశాడు. గది ఖాళీ చెయ్యమన్నాడు. ఈ సామాను వీధిలో పారేస్తామంటే నేను సర్దేను." దేవదానం పాలపొడి డబ్బా వైపు చూపించాడు. "అది నేను కొన్నానమ్మా. బొత్తిగా ఏం లేకుండా తేలేకపోయేను."

ఉమామహేశ్వరి డబ్బా తీసి పక్కన పెట్టింది.

"మరి ఆయనేం చెప్పేరు వాళ్ళకి?"

"అక్కడికే వస్తున్నా." దేవదానం శివశంకర్ వైపు తిరిగాడు. "బాబూ, మా పక్క గదిలో ఒక మలయాళీ ఉన్నాడు. ప్లీడరు ఆఫీసులో పని. అతను లోపలికెళ్ళి మావోడితో మాట్లాడేడు. మావోడు ఒకటే మాట మీదున్నాడంట. అది మా బావమరిది టైపింగు జీతం, కంపెనీ వాళ్ళు నా ఖాతాలో వేస్తారు అని. ఎన్నిసార్లడిగినా అదే. సరే, ఆ టైపింగు కంపెనీ దగ్గర్నుంచి ఒక కాగితం తెప్పించండి, ఈ మనిషి మా దగ్గర పనిచేస్తున్నాడు, ఆ డబ్బు మేమే వేశాం అని, అది చూపిస్తే వదిలేస్తారన్నాడు మలయాళీ. అందుకే నువ్వొచ్చేదాకా ఆగేను. మా ఇంటికి కూడా వెళ్ళలేదు. కంపెనీ పేరేంటి బాబూ?"

ఉమామహేశ్వరి ముఖంలో కదలిక వచ్చింది.

"ఓస్, అంతేనా?" అంది. "కాగితమే కదా. చెప్పరా శివా. మీ కంపెనీ వాళ్ళని అడిగి ఫ్యాక్స్ కొట్టించు. పేకాట కంపెనీ అని ఎందుకనుకున్నారో ఏంటో ఆ దేశంలో వాళ్ళు. పేరు ఒకేలా ఉండుంటుంది."

శివశంకర్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చెప్పరా!"

"రాయిస్తాను" అన్నాడు.

"ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఇక్కణ్ణుంచే చెయ్యి."

"వాళ్ళు... ఇప్పుడు ఆఫీసు ఉండదే."

"ఎప్పుడుంటుంది?"

"చూస్తాను."

"చూడ్డమేంట్రా? ఈవిడ ఇందాకట్నుంచి నేల మీద కూర్చుని ఉంది. అక్కడ ఆయన ఏం తింటున్నాడో ఏంటో. పేరు చెప్పు ముందు. అన్నయ్యగారు మలయాళీకి చెప్తారు."

ఇక్కడి చట్టం గురించి శివశంకర్ ప్లీడరును అడిగాడు. అమెరికా చట్టం గురించి సైటులో చదివాడు. తన కుర్చీ ఉన్న ఊరు, ఆట కంపెనీ ఉన్న ద్వీపం, వెళ్ళిపోయిన ఆటగాళ్ళ దేశం, అన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. బావ పేరు, ఖాతా ఉన్న దేశం గురించి మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ ఊళ్ళో ఏది కొన్నా గల్ఫ్‌లో ఉన్నవాడి పేరు మీదే కొంటారు. స్థలం అయినా, బండి అయినా, ఫోను అయినా అంతే. అతనూ అలాగే పెట్టాడు.

అప్పుడు ఫోన్ మోగింది.

*

ఉమామహేశ్వరి తీసింది. "హలో" అంది. చిట్టెమ్మ చేతులు నేలకు ఆనించి లేచింది.

"ఏవండీ... తింటున్నారా? ... ఆయ్, వచ్చేరు, పెట్టె తెచ్చేరు... అత్తయ్యగారు బానే ఉన్నారు... ఆఁ? ఉన్నాడు. ఇక్కడే ఉన్నాడు." ఆమె రిసీవర్ చాపింది. "నిన్నే అడుగుతున్నారు. టైము తక్కువంట. కంపెనీ పేరు చెప్పు."

శివశంకర్ అందుకున్నాడు.

"బావా."

"శివా, విను. ఎక్కువసేపు మాట్లాడనివ్వరు." సత్తిరాజు గొంతు ఎప్పటిలాగే ఉంది. "ఇది టైపింగు కాదంట కదరా."

శివశంకర్ రిసీవర్‌ను చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"పోన్లే. తర్వాత తిడతాను. ఇక్కడ నాతో ఉన్నాయన అన్నీ తెలిసినోడు. ఏం చెప్పేడంటే, నా ఖాతా ఇంకోడికి ఇచ్చేనని చెప్తే అది పెద్ద కేసంట. ఆట నేనే ఆడేనంటే చిన్న కేసంట. జరిమానా కట్టించి ఇండియా పంపేస్తారంట. అందుకని పొద్దున్న నేనే ఆడేనని చెప్పేశాను."

"బావా, నువ్వు..."

"చెప్పేశాన్రా. ఇప్పుడు అది కాదు గొడవ. నాకు ఆట రాదని వాళ్ళకి అనుమానం. ఎవడినో వెనకేసుకొస్తున్నానంటున్నారు. రేపు ఒకాయన వచ్చి అడుగుతాడంట, ఎలా ఆడతావో చెప్పమని. నాకేం తెలుసు? నువ్వు చెప్పు. గబగబా చెప్పు. ఇక్కడెవరికీ తెలుగు రాదులే. మన దీపావళి ఆటలాగేనా? పదమూడు ముక్కలేనా?"

శివశంకర్ హాలులోకి చూశాడు. ముగ్గురూ అతన్నే చూస్తున్నారు. అక్క చేతిలో బావ చొక్కా ఉంది. కంపెనీ పేరు కోసం చూస్తోంది.

"శివా, ఉన్నావా? ఎన్ని ముక్కలు పంచుతారు?"

"రెండు" అన్నాడు శివశంకర్.

"ఎంత?"

"రెండు, బావా. చేతికి రెండే ముక్కలు."

ఉమామహేశ్వరి పక్కకు చూడలేదు. కళ్ళు ఆర్పలేదు.

"రెంటితో ఏం ఆడతార్రా? మిగతావి?"

"మిగతావి బల్ల మీద వేస్తారు. ముందు మూడు. తర్వాత ఒకటి. మళ్ళీ ఒకటి. అవి అందరివీ."

"మూడు, ఒకటి, ఒకటి" అని సత్తిరాజు అప్పజెప్పుకున్నాడు. "జోకరు ఉంటుందా?"

"ఉండదు."

"గెలిచింది ఎవరో ఎలా తెలుస్తుంది?"

శివశంకర్ చెప్పడానికి నోరు తెరిచాడు. ఉమామహేశ్వరి వచ్చి రిసీవర్ లాక్కుంది. లాక్కునేటప్పుడు ఆమె గోరు అతని చెంపకు గీసుకుంది.

"ఏవండీ" అంది. "మీకు ఆట రాదని చెప్పండి."

అవతల సత్తిరాజు పెద్ద కేసు, చిన్న కేసు, రేపు వచ్చి అడిగే మనిషి సంగతి గట్టిగా చెప్పుకొచ్చాడు, హాల్లో అందరికీ వినిపించింది.

"నేను విన్నాను. అంతా విన్నాను. మీకు రాజుకీ జాకీకీ తేడా తెలీదు. ఇస్పేటు ఏదో కళావరు ఏదో తెలీదు. ఒక్కరోజులో నేర్చుకుని పోలీసోళ్ళ ముందు అప్పజెప్తారా? దొరికిపోతారు... కాదు, మీరు వినండి ఈసారి. ఎప్పుడూ మీరు చెప్పింది నేను విన్నాను. ఆడలేదని చెప్పండి. ఆడినోణ్ణి నేను పంపుతాను."

లైను తెగింది. ఆమె రిసీవర్ పెట్టేసింది.

చిట్టెమ్మ శివశంకర్ దగ్గరకు వచ్చింది. కొడుతుందని అతను అనుకున్నాడు. ఆమె అతని చొక్కా బొత్తాం పట్టుకుంది. అంతే. పట్టుకుని నిలబడింది.

"మనోడికి పని దొరికిందని మా రమణమ్మకి కూడా చెప్పేడ్రా వాడు" అంది.

"అత్తయ్యగారూ, నేను..."

"అత్తయ్యా లేదు, గారూ లేదు."

దేవదానం పెద్దగా ఊపిరి వదిలాడు. "చెల్లెమ్మా, తొందరపడకు. ఇతను అక్కడికెళ్ళి నేనే ఆడేనంటే, మావోడు ఖాతా ఇచ్చినట్టే కదా. ఆ పెద్ద కేసు అప్పుడు పడుతుంది. ఇద్దరూ లోపలుంటారు."

"ఇప్పుడు ఒక్కరే ఉన్నారు కదా అన్నయ్యగారూ. ఏమీ తెలీని మనిషి." ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "పాస్‌పోర్టు ఉందా నీకు?"

"ఉంది."

"ఎవరు తీయించేరు?"

అతను పెట్టె వైపు చూశాడు.

"ఎవర్రా?"

"బావ. వీసా చూస్తానన్నాడు, పోయినేడు."

ఆమె పెట్టె దగ్గర వంగింది. స్టీలు కంచం తీసింది. పెరట్లోకి వెళ్ళి కడిగింది. వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపించింది. దేవదానం కోసం వండిన అన్నం, పప్పు ఆ కంచంలో వడ్డించుకుని వచ్చి, శివశంకర్ కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది.

"కూర్చో. తిను" అంది. "తిని అమలాపురం వెళ్ళి పాస్‌పోర్టు పట్రా."

"అక్కా, ప్లీడరుగారిని ఒక్కమాట అడిగి..."

"ఆయన్ని అడిగే కదా మొదలెట్టేవు."

అతను కూర్చున్నాడు. అన్నంలో చెయ్యి పెట్టాడు. కలపలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఉమామహేశ్వరి కదల్లేదు. "నువ్వే తియ్యి" అంది. "ఈసారి నీ నోటితో చెప్పు ఆయనకి, వస్తున్నానని."

శివశంకర్ ఎడం చేత్తో రిసీవర్ ఎత్తాడు.

"బావా" అన్నాడు.

అవతల ఉన్నది సత్తిరాజు కాదు.

"నమస్కారమండి" అంది ఆ గొంతు. తెలుగు తేటగా ఉంది. "నేను ఇక్కడ పోలీసువారికి అనువాదం చేస్తుంటానండి. ఇందాక చేతికి రెండు ముక్కలని చెప్పింది మీరేనా?"